మా బ్యారన్, వాళ్ల బార్న్

ఇంగ్లీషు మాటల వాడకంలో తప్పొప్పుల గురించి మీరు పంపిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను.

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. నలభై ఏళ్లుగా పొగాకు వేస్తున్నాం. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతికి ఫ్రెండ్స్‌ను తీసుకొచ్చింది. వాళ్లకు పొగాకు ఆరబెట్టే మా బ్యారన్ చూపిస్తుంటే, 'బ్యారన్ అంటే జమీందారు లాంటోడు నాన్నా, దీన్ని బార్న్ అనాలి' అని అందరి ముందే సరిచేసింది. అప్పట్నుంచి ఆ మాట అనాలంటే నోరు రావడం లేదు. ఇన్నేళ్లూ తప్పే మాట్లాడామా?
– ఒక రైతు

జవాబు: తప్పు మాట్లాడలేదన్నా. నేనూ బ్యారన్ ఉన్న ఇంట్లో పుట్టినదాన్నే. ఆ మాట మా నాన్న నోట వినే పెరిగాను.

మీ అమ్మాయి చెప్పిన ఇంగ్లీషు సరైనదే. ధాన్యం పోసే కొట్టు, పశువుల కొట్టం, పచ్చాకును వేడితో ఆరబెట్టే ఇల్లు, అన్నీ వాళ్లకు బార్నే. కానీ మాట చివర రెండు హల్లులు అతుక్కుని ఉంటే మన నోటికి ఇమడదు. మధ్యలో ఒక అచ్చు వచ్చి కూర్చుంటుంది. ఫిల్మ్ ఫిలిం అయింది అలాగే. కోళ్లు పెంచే చోటుకూ, రేషన్ కార్డుకు నింపే కాగితానికీ ఇంగ్లీషులో వేర్వేరు మాటలు. మనకు రెండూ ఫారమే. అయినా కోళ్ల ఫారంలో కూర్చుని అప్లికేషన్ ఫారం నింపేవాడికి ఏ గందరగోళమూ లేదు. బార్న్ బ్యారన్ అయిందీ ఆ దారిలోనే.

ఆ మాట వెనక ఎంత పని ఉందో మీకు నేను చెప్పేదేముంది! పచ్చాకు కర్రలకు అల్లి వేలాడదీశాక మా నాన్న రాత్రి రెండింటికి లేచి, టార్చిలైటు పట్టుకుని, బ్యారన్ కిటికీ అద్దంలోంచి థర్మామీటర్ చూసేవాడు. ఆకు పసుపు తిరగకముందే వేడి పెంచితే పచ్చగానే ఉండిపోతుంది. పసుపు తిరిగాక కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి, చివరికి ఈనె కూడా ఎండాలి. దాదాపు వారం రోజులు ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు.

'నోబిడ్' కూడా ఇలాంటిదే. 1985లో మన రాష్ట్రంలో పొగాకు బోర్డు వేలాలు మొదలయ్యాక మన ఇళ్లలోకి వచ్చింది. ఎవరూ పాట పాడలేదు అని దాని అర్థం. మా నాన్న పొగాకు మూటలు, అంటే బేళ్లు, వేలానికి తీసుకెళ్లి వచ్చి 'మూడు బేళ్లు నోబిడ్' అన్న రోజు, మా అమ్మ అన్నం వడ్డించి మళ్లీ ఒక్క మాట అడిగేది కాదు. ఆ రెండు ముక్కల్లో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంగ్లీషులో రాయాల్సి వస్తే బార్న్ అని రాయండి. తెలుగులో బ్యారన్ అనే అనండి, అమ్మాయి ముందు కూడా. ఈ ఉత్తరం తనకూ చూపించండి.

ప్రశ్న: మీటింగ్ అనుకున్న రోజుకన్నా ముందే అని చెప్పడానికి 'ప్రీపోన్' అయిందని మెయిల్ రాశాను. అలాంటి మాటే లేదని మా మేనేజర్ గారు అందరిలో అన్నారు. ఆయన మెయిల్స్ చివర మాత్రం 'రివర్ట్ బ్యాక్' అని ఉంటుంది.
– ఉద్యోగిని, నెల్లూరు

జవాబు: ఉందమ్మా. పోస్ట్‌పోన్‌కు జోడీగా ఇలాంటి మాట ఒకటి కావాలని 1913లోనే ఒకాయన న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాశాడు. అక్కడ నిలబడలేదు, మన దేశంలో పాతుకుపోయింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. విదేశాల వాళ్లకు రాసేటప్పుడు మాత్రం పాత తేదీ, కొత్త తేదీ రెండూ వేసేయండి, గొడవ ఉండదు.

రివర్ట్ అంటే మునుపటి స్థితికి తిరిగి వెళ్లడం. అందులోనే 'వెనక్కి' ఉంది, మళ్లీ బ్యాక్ ఎందుకు? ఈ మాట చూస్తే నాకు నిజంగానే చిరాకు. రిప్లై అంటే సరిపోతుంది.

ప్రశ్న: 'కజిన్ బ్రదర్' అన్నందుకు మా లెక్చరర్ మార్కులు తగ్గించారు. అంత పెద్ద తప్పా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: పరీక్షలో తప్పే నాయనా, కజిన్ అని రాస్తే చాలు. కానీ ఆ తప్పు తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు. మనకు పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు అన్నో తమ్ముడో అవుతారు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు అయితే బావో బామ్మర్దో. ఒక వైపు పెళ్లి మాటే ఎత్తకూడదు, రెండో వైపు మన ఇళ్లలో సంబంధం కలుపుకుంటారు. ఇంత తేడా ఉన్నవాళ్లను ఇంగ్లీషు ఒకే గంపలో వేసి కజిన్ అంటుంది. అది చాలక మనవాళ్లు పక్కన బ్రదర్ చేర్చుకున్నారు. మార్కులు తగ్గించినా ఈ సంగతి కూడా మీ లెక్చరర్ గారు క్లాసులో చెప్పి ఉంటే బాగుండేది.

ప్రశ్న: నేను నర్సింగ్ చదువుతున్నాను. పేషెంట్లు ఇంగ్లీషు మాటలు తప్పుగా వాడుతుంటే విసుగొస్తోంది. 'బీపీ ఉందా' అంటే 'దేవుడి దయవల్ల లేదు' అంటారు. బీపీ లేని మనిషి ఉంటాడా? రిపోర్ట్ నెగటివ్ అంటే ఒకావిడ ఏడ్చేసింది. వీళ్లకు ఎలా నేర్పాలి?
– విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మా చిన్నన్నయ్య సంగతి చెబుతాను, వినమ్మా. 2017లో జ్వరం వస్తే డెంగ్యూ పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాడు. సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోన్. 'పాజిటివ్ వచ్చిందండీ' అని పెట్టేశారు. 'పాజిటివేనంట, దిగులు లేదు' అని వదినకు చెప్పి, మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచాడు. మూడో రోజు కొట్టులోనే కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని 'పాజిటివ్ అంటే మంచిదే కదా చెల్లీ?' అని అడిగాడు. టీవీలో రోజూ 'పాజిటివ్‌గా ఆలోచించండి' అని వినే మనిషి ఆయన. అన్నయ్య కోలుకున్నాడు గానీ, ఆ ప్రశ్న నేను మర్చిపోలేదు.

ల్యాబ్ భాషలో వెతికింది దొరికితే పాజిటివ్, దొరక్కపోతే నెగటివ్. కరోనా తర్వాత ఇది చాలామందికి తెలిసింది. అయినా మీ దగ్గర ఏడ్చినావిడకు తెలియలేదు కదా. 'మీకు ఆ జబ్బు లేదమ్మా' అని ఉంటే ఏడ్చేదా? ఇక్కడ మాట మార్చుకోవాల్సింది మనమే తల్లీ, జబ్బుతో వచ్చినవాళ్లు కాదు.

బీపీ సంగతీ అంతే. తెలుగులో 'బీపీ ఉంది' అంటే రక్తపోటు ఎక్కువ అని అర్థం. ఊళ్లన్నీ అలాగే వాడుతున్నాయి కాబట్టి మీ పేషెంట్లు సరిగ్గానే జవాబు చెబుతున్నారు. కాకపోతే ఆ జవాబుతో మీ పని పూర్తి కాదు. కొందరు మాత్ర వేసుకుంటూ, అది అదుపులో ఉంది కాబట్టి 'లేదు' అంటారు. ఈసారి నుంచి 'బీపీకి రోజూ ఏమైనా మాత్ర వేసుకుంటున్నారా? చీటీ తెచ్చారా?' అని అడిగి చూడమ్మా.