డాబా మీద మొక్కలు పరచబోయే అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో మీ డాబా మీద శ్లాబంతా కప్పేలా సక్యులెంట్ మొక్కలు, అదే ఆకుల్లో కాడల్లో నీరు దాచుకునేవి, పరచబోతున్నావని మీ నాన్న చెప్పగానే, నా తరువాత ఇంట్లో మరొకరికి మట్టి మీద మనసు పోయిందని ఎంతో గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు.

శ్లాబును ముందు ఇంజనీరుకు చూపించు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక తూములు మూసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి పరీక్షించు.

ఇక నేను చేసిన తప్పు విను. జర్మనీలో ఇళ్ల కప్పుల మీద సీడమ్ అనే సక్యులెంట్ మొక్కలు పరుస్తారని చదివి, మంచుకే చావనిది మన ఎండకు చస్తుందా అనుకుని, ఊటీ నుంచి కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. బలంగా పెరగాలని చెరువుమట్టి అరడుగు మందాన పోయించాను. మాఘమాసం దాకా తివాచీలా అల్లుకున్నాయి. మే నెలలో ఆకులు ముడుచుకుంటే జాలిపడి రెండు పూటలా నీళ్లు పోశాను. ఇటువంటి మొక్కలు చాలావరకు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాకే తెరుస్తాయి. మన వేసవిలో అర్ధరాత్రికి కూడా శ్లాబు వేడి దిగదు, పైగా వేళ్ల కింద నేను పోసిన తడి. మొదటి వానలకు ఒక కాడను పట్టుకుంటే ఉడికిన చేమదుంప తొక్కలా వేళ్ల మధ్య జారిపోయింది. అంత మందాన చెరువుమట్టి తడిస్తే చదరపు మీటరుకు 250 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మామూలు డాబాకు అదనపు బరువు 150 కిలోలకే లెక్కగడతారు. ఆ ఆషాఢంలో మీ నాయనమ్మ గది కప్పు మీద అరచేయంత చెమ్మ మచ్చ తేలింది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనకుండా, రోజూ రాత్రి మంచం కొంచెం పక్కకు జరుపుకునేది. అది తలచుకుంటే నాకిప్పటికీ గుండె పట్టేస్తుంది తల్లీ.

అందుకే నర్సరీలో ముద్దుగా కనిపించిన ప్రతిదీ కొనవద్దు. మన ఎండనూ వాననూ ఎరిగిన నల్లేరు, రణపాల, కలబంద, వాటి మధ్య నాచుపూలు చాలు. జెముడు జాతి మాత్రం వద్దే వద్దు. దాని పాలు పిల్లవాడి కంట్లో పడితే ఏమవుతుందో ఊహించడానికే భయం. ఇటుక ముక్కలు, ముతక ఇసుక ఎక్కువగా, కంపోస్టు కొద్దిగా కలిపి, ఇంజనీరు ఒప్పుకున్న మందమే పరుచు. మన వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు మధ్యే పడుతుంది కనుక అది తగ్గాక నాటు. కోసిన కొమ్మను, తెగిన చోటు ఎండి పొర కట్టేదాకా, నాలుగు రోజులు నీడలో ఉంచు.

దసరాకు వస్తూ మన దొడ్డి కంచె మీది నల్లేరు కోసి తెస్తాను. అందాకా ప్రతి తూము చుట్టూ అడుగు మేర మట్టి పడనీయకుండా, కంకర మాత్రమే పరిచి ఉంచు.

ఆశీస్సులతో,
పెదనాన్న