టెక్ సందేహాలు: రాత్రయితే చాలు, సెన్సర్లు పలకవు

ప్రశ్న: ఇంట్లో జిగ్‌బీ (స్మార్ట్ బల్బులు, సెన్సర్ల లాంటివి మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి) పరికరాలు 30 దాకా ఉన్నాయి. అన్నీ మినీ పీసీకి పెట్టిన యూఎస్‌బీ డాంగిల్‌తో (జిగ్‌బీ సంకేతాలు అందుకునే చిన్న రేడియో), జిగ్‌బీ2ఎంక్యూటీటీ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. పగలు అన్నీ బాగానే పనిచేస్తాయి. రాత్రి అందరం పడుకున్నాక ఎవరైనా లేచి మెట్ల దగ్గరికి వెళ్తే మాత్రం సెన్సర్ పలకదు, లైటు వెలగదు. ఆ లైటు స్విచ్ ఎవరూ ఆపకుండా టేపు కూడా అంటించాం. యాప్‌లో చూస్తే సెన్సర్ ఆన్‌లైన్ అనే ఉంటుంది! బ్యాటరీ మార్చాను, సెన్సరే కొత్తది కొన్నాను. అయినా అంతే. డాంగిల్ మార్చాలా?

జవాబు: డాంగిల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు రాసిన దాంట్లో అసలు ఆధారం 'అందరం పడుకున్నాక' అన్న మాట. పడుకునే ముందు ఎవరో ఒకరు హాల్లో, వరండాలో గోడ స్విచ్‌లు టకటకా ఆపేస్తారు కదా? మెట్ల లైటుకి టేపు అంటించారు సరే, హాల్లో బల్బు సంగతేంటి?

జిగ్‌బీలో కరెంటు మీద నడిచే బల్బులు, ప్లగ్‌లు మామూలుగా తమ పని తాము చేసుకుంటూనే పక్కవాటి సందేశాలను కూడా మోస్తాయి. బ్యాటరీ సెన్సర్లు ఆ మోత పని చేయవు. ఎక్కువ సేపు నిద్రపోయి, కదలిక కనిపించినప్పుడు లేచి, తమకు దగ్గర్లోని ఒక 'పేరెంట్'కి కబురు చెప్పి మళ్లీ పడుకుంటాయి. మీ మెట్ల సెన్సర్‌కి ఆ పేరెంట్ హాల్లో బల్బు అయి ఉంటుంది. గోడ స్విచ్ ఆపితే వెలుతురుతో పాటు ఆ దారీ పోతుంది. మంచి సెన్సర్లు ఇంకో పేరెంట్‌ని వెతుక్కుంటాయి. కొన్ని మొండివి మాత్రం పాత పేరెంట్‌నే పట్టుకుని వేలాడతాయి, అది తిరిగొచ్చేదాకా.

మరి యాప్ ఆన్‌లైన్ అని ఎందుకు చూపిస్తోంది? జిగ్‌బీ2ఎంక్యూటీటీ కరెంటు పరికరం 10 నిమిషాలు పలకకపోతే ఆఫ్‌లైన్ అంటుంది. బ్యాటరీ పరికరానికి మాత్రం, సెట్టింగ్ మార్చకపోతే, 25 గంటలు ఆగుతుంది. ఆలోగా తెల్లారుతుంది, ఎవరో హాల్లో స్విచ్ వేస్తారు, అంతా మామూలే. అందుకే ఆ 'ఆన్‌లైన్' అన్న మాటను నేను నమ్మను. సెన్సర్ చివరిసారి ఎప్పుడు పలికిందో చూపించే 'లాస్ట్ సీన్' సమయమే చూస్తాను.

ఈ రాత్రికి ఒక పని చేయండి. బల్బులన్నీ యాప్ నుంచే ఆపండి, గోడ స్విచ్‌లు ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పండి. అర్ధరాత్రి మెట్ల దగ్గర చెయ్యి ఊపండి. లైటు వెలిగిందా, దొంగ దొరికినట్టే.

రోజూ అందరికీ స్విచ్‌లు ముట్టుకోవద్దని చెప్పుకుంటూ తిరగడం అయ్యే పని కాదు. మెట్లకూ డాంగిల్‌కూ మధ్య, ఎప్పుడూ ఆన్‌లో ఉండే సాకెట్‌లో ఒక జిగ్‌బీ ప్లగ్ పెట్టండి. తర్వాత సెన్సర్‌ని అది ఉండే చోటే ఉంచి మళ్లీ పెయిర్ చేయండి, అంటే నెట్‌వర్క్‌లో కొత్తగా కలపండి. కొత్త సెన్సర్‌ని డాంగిల్ పక్కన కూర్చుని పెయిర్ చేసి తీసుకెళ్లి మెట్ల దగ్గర అంటించారేమో, చాలామంది అలాగే చేస్తారు. అలా చేస్తే అది మెట్ల దగ్గరి పేరెంట్‌ని కాకుండా పెయిర్ చేసిన చోటి దాన్నే పట్టుకోవచ్చు. స్విచ్ బోర్డులో స్మార్ట్ మాడ్యూల్ (స్విచ్ వెనక అమర్చే చిన్న జిగ్‌బీ పరికరం) పెట్టించాలనుకుంటే న్యూట్రల్ వైరు ఉన్న రకమే తీసుకోండి. న్యూట్రల్ లేకుండా నడిచేవి చాలావరకు సందేశాలు మోయవు.

అప్పటికీ తేడా లేకపోతే డాంగిల్ ఎక్కడ పెట్టారో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద చేస్తాయి. దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ఇచ్చింది. జిగ్‌బీ నడిచేదీ ఆ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే. నా డాంగిల్ కూడా బయటి డిస్కు పక్క పోర్టులో ఉన్నప్పుడు రెండు సాయంత్రాలు సెట్టింగులతో కుస్తీ పట్టాను. చివరికి మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో తీరిపోయింది. రౌటర్ మీద, ఇనుప బీరువా వెనక కూడా డాంగిల్ పెట్టకండి.

ఛానెల్ సంగతి ఆఖర్న చూడండి. వై-ఫై 1వ ఛానెల్‌లో ఉండి జిగ్‌బీ 11లో ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. నంబర్లు వేరైనా గాలిలో చోటు ఒకటే. వై-ఫైని 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో 1 మీద స్థిరంగా ఉంచి, జిగ్‌బీని 20కో 25కో మార్చవచ్చు. 26 వద్దు, కొన్ని పరికరాలు దాన్ని అందుకోలేవు. ఛానెల్ మారిస్తే కొన్నింటిని మళ్లీ పెయిర్ చేయాల్సి రావచ్చు. అందుకే ఇది ఆఖర్న అన్నాను.

ప్రశ్న: మెష్ వై-ఫై (రెండు మూడు యూనిట్లు కలిసి ఇల్లంతా సిగ్నల్ ఇచ్చేది) రెండో యూనిట్‌ని సిగ్నల్ అందని గదిలోనే పెట్టాను. ఫుల్ సిగ్నల్ చూపిస్తుంది, వీడియో కాల్ మాత్రం ఆగిపోతోంది.

జవాబు: ఫోన్‌కీ ఆ యూనిట్‌కీ మధ్య సిగ్నల్ ఫుల్లే. ఆ యూనిట్‌కి మొదటి యూనిట్ నుంచి ఏమీ అందకపోతే అది మాత్రం ఏం ఇస్తుంది? సిగ్నల్ ఇంకా బాగానే అందే చోటికి, అంటే రెంటికీ మధ్యకు జరపండి. కేబుల్ లాగే వీలుంటే అంతకన్నా మంచిది లేదు.

ప్రశ్న: 'మ్యాటర్' (వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేలా చేసే ప్రమాణం) గుర్తున్న సెన్సర్ కొన్నాను. పాత జిగ్‌బీ హబ్‌కి కలుస్తుందా?

జవాబు: జిగ్‌బీ మాత్రమే తెలిసిన హబ్‌కి కలవదు. పెట్టె మీద 'థ్రెడ్' (జిగ్‌బీ లాంటి ఇంకో వైర్‌లెస్ పద్ధతి) అని కూడా ఉందేమో చూడండి. ఉంటే మ్యాటర్ పరికరాలను నడిపే మ్యాటర్ కంట్రోలర్‌తో పాటు, థ్రెడ్ పరికరాలను ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే థ్రెడ్ బోర్డర్ రౌటర్ కావాలి. కొన్ని స్మార్ట్ స్పీకర్లలో ఆ రెండూ ఉంటాయి, ముందు మీ ఇంట్లో ఉన్నదాన్ని చూసుకోండి. థ్రెడ్, జిగ్‌బీ ఒకే తరహా రేడియో వాడతాయి గానీ ఒకదాని సందేశాలు ఇంకోటి మోయదు. మీ జిగ్‌బీ బల్బులు ఎన్ని ఉన్నా ఈ సెన్సర్‌కి దారి చూపలేవు.