సబ్ ఎడిటర్ ఉద్యోగానికి రెజ్యూమె రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆశీస్సులు. దినపత్రికలో సబ్ ఎడిటర్ ఉద్యోగానికి నువ్వు రాసుకున్న రెజ్యూమె చూశాను. కథలో ఒక్క మాట ఎక్కువ పడనివ్వని వాడివి, ఇక్కడ మాత్రం రెండు పేజీలు నింపేశావు. దీన్ని చదివేదెవరో ముందు ఆలోచించు. ఎడిషన్ టైముకు పేజీలు వదలాల్సిన డెస్క్ ఇన్‌ఛార్జి, రెండు వార్తల మధ్య దొరికిన కాస్త తీరికలో తెరుస్తారు. వార్తను దిద్దే కంటితోనే చదువుతారు. ఒక్క అచ్చుతప్పు కనిపించినా ‘ఈ అబ్బాయి రాసిన కాపీని మళ్లీ మనమే దిద్దుకోవాలి’ అన్న అనుమానం వచ్చేస్తుంది.

ముందు కొట్టేయాల్సినవి కొట్టెయ్. పైన ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అని పెట్టిన మూడు లైన్లు ఎవరి రెజ్యూమెలోనైనా అతుకుతాయి, అందుకే నీకు పనికిరావు. తండ్రి పేరు, మతం, పెళ్లి అయిందా లేదా అన్నవి పెళ్లిచూపుల బయోడేటాకు కావాలి. ప్రభుత్వ ఉద్యోగమైతే అవసరమైనవి వాళ్ల ఫారమే అడుగుతుంది. ఆధార్ నంబరు అసలే వద్దు. చివర్లో డిక్లరేషన్, సంతకం, ‘పాటలు వినడం’ లాంటి హాబీలు, ‘తెలుగు 90 శాతం’ అని రంగు గీతతో చూపించిన బొమ్మ, అన్నీ తీసెయ్. ఒక్క ఏ4 పేజీలో సర్దుకుంటుంది. అక్షరం సైజు 11 కంటే తగ్గించి మాత్రం ఇరికించకు.

ఇక అసలు సంగతి. ‘తెలుగు భాషపై మంచి పట్టు, రచనపై అమితమైన ఆసక్తి’ అని రాశావు. పట్టు ఉందో లేదో వాళ్లు తేల్చుకుంటారు, నువ్వు చేసిన పని చెప్పు. మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే మండలం నుంచి వార్తలు పంపే విలేకరిగా పనిచేసిన విషయం ఎక్కడో అడుగున ‘ఇతర వివరాలు’ కింద పడి ఉంది. దాన్ని చదువుకంటే పైకి తెచ్చి ఇలా రాయి:

‘2023 జూన్ నుంచి 2024 మార్చి వరకు మండల కంట్రిబ్యూటర్. వారానికి 4 వార్తలు, నెలకో ప్రత్యేక కథనం. ఎక్కువగా సాగునీరు, పాఠశాలలు, పంచాయతీలు.’

ఎప్పుడు, ఏ పని, ఎంత, దేని మీద అన్నవి నాలుగూ వచ్చేశాయి. అంకెలు నీ అసలు లెక్క ప్రకారం మార్చుకో. అనువాదానికీ ఇదే పద్ధతి. ‘అనువాదం వచ్చు’ అనకుండా, 300 పదాల ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తను ఎంతసేపట్లో తెలుగు చేస్తావో గడియారం పెట్టుకుని చూసుకుని, ఆ లెక్క రాయి. పెంచి రాయకు. ఎంపిక పరీక్షలో సాధారణంగా అనువాదం ఉంటుంది, అక్కడే తేలిపోతుంది. ‘ఎంఎస్ ఆఫీస్’ కంటే నువ్వు తెలుగును ఏ కీబోర్డు అమరికలో, అంటే ఇన్‌స్క్రిప్ట్‌లో కొడతావా, యాపిల్ లేఅవుట్‌లోనా, ఫొనెటిక్‌లోనా అన్నదే డెస్క్‌కు ముఖ్యం. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ తెలిస్తే అదీ చేర్చు.

కథలు వదలొద్దు, కానీ అచ్చయినవే, మూడుకు మించకుండా, పత్రిక పేరు, నెల, సంవత్సరంతో. వార్తల నమూనాలు కూడా మూడు చాలు. ఈ-పేపర్ లింకు కొన్నాళ్లకు తెరుచుకోకపోవచ్చు కాబట్టి క్లిప్పింగునే తీసి పెట్టుకుని, ఎడిషన్, తేదీ, పేజీ నంబరు రాయి. బైలైన్ (రాసినవారి పేరు) లేని వార్తలకు నువ్వు ఆఫీసుకు పంపిన అసలు కాపీ దగ్గర ఉంచుకో, అడిగితే చూపించొచ్చు.

తెలుగు నమూనాల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అను ఫాంట్లలో కొట్టిన వర్డ్ ఫైలు అలాగే పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనిపించవు. కాబట్టి ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చు. మార్చాక ఒత్తులు, పొల్లులు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూడు, కన్వర్టర్లు తప్పేది ఎక్కువగా అక్కడే. తర్వాత పీడీఎఫ్ చేసి, నీది కాని ఒక ఫోన్‌లో తెరిచి చూడు. రెజ్యూమెను రెండు నిలువు వరుసల టెంప్లేట్‌లో పెట్టకు. దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఆ రెండు వరుసలనూ అడ్డంగా కలిపి చదివేస్తుంది.

తేదీల్లో నెలలు కూడా ఇవ్వు. మధ్యలో ఖాళీగా ఉన్న ఆరు నెలలను దాచాలని, అంతకుముందు చేసిన ఉద్యోగం తేదీలను సాగదీయకు. రిలీవింగ్ లెటర్, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూసినప్పుడు చేరిన తేదీ, మానేసిన తేదీ బయటపడతాయి. ‘సివిల్స్ ప్రిపరేషన్’ అని ఉన్నదున్నట్టు ఒక లైను రాస్తే తప్పేమీ లేదు.

ఫైలు పేరు ‘రెజ్యూమె ఫైనల్ 2’ అని ఉంచకు. నీ పేరు, పోస్టు పేరు ఉండాలి. మెయిల్ సబ్జెక్టులోనూ అంతే. మెయిల్లో ఐదు లైన్లు చాలు: ఏ పోస్టు, నువ్వెవరు, ఇప్పుడేం చేస్తున్నావు, ఎప్పుడు చేరగలవు, జతపరిచినవేమిటి.

దిద్దిన ప్రతితో పాటు ఆ ఉద్యోగ ప్రకటన కూడా నాకు పంపు. వాళ్లు అడిగిన ఒక్కో అర్హతకూ నీ రెజ్యూమెలో ఏ లైను జవాబు చెబుతోందో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఉంటాను,
మీ అన్నయ్య