చలికి ‘అలవాటు పడిన’ బ్యాక్టీరియా అనవచ్చా?

సందేహం: అంటార్కిటికా మంచులోను, సముద్రపు అడుగునా బతికే బ్యాక్టీరియా గురించి పిల్లల పత్రికకు రాస్తూ ‘చలికి, ఒత్తిడికి అలవాటు పడిన బ్యాక్టీరియా’ అన్నాను. ‘శీతలప్రియ’ అనాలని ఒకరు దిద్దారు. రెండూ ఒకటే కదా?

సమాధానం: ఒకటి కావు. అలవాటు ఒక్క జీవితంలో వచ్చేది, పోయేది. ఊటీకి బదిలీ అయినవారు కొన్నాళ్లకు అక్కడి చలికి అలవాటు పడతారు; కిందికి దిగివస్తే ఆ అలవాటు తప్పుతుంది. ఈ బ్యాక్టీరియాకు తరతరాలుగా ఒంటి నిర్మాణమే వేరుగా ఏర్పడింది. చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది, నువ్వులనూనె పేరుకోదు. నూనెలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. ఈ జీవుల కణపొరలోనూ అవే ఎక్కువ కాబట్టి సున్నా డిగ్రీల దగ్గరా పొర బిగుసుకుపోదు. వాటి ఎంజైములు కూడా వదులుగా ఉండి చలిలో చకచకా పనిచేస్తాయి. కాస్త వేడి తగిలితే ఆ వదులే చేటై, ఆకారం చెడిపోతాయి. అందుకే ‘చలికి అనువుగా మారిన’ అనండి.

‘శీతలప్రియ’ మంచి మాటే, కానీ అన్నింటికీ చెల్లదు. 15 డిగ్రీల సెల్సియస్ లోపే బాగా పెరిగి, 20 దాటితే అసలు పెరగనివే శీతలప్రియాలు. సున్నా దగ్గరా పెరుగుతూ, 20కి పైన ఇంకా బాగా పెరిగేవి వేరు. వాటిని ‘శీతసహాలు’ అందాం. ఫ్రిజ్‌లో పాలను పాడుచేసే సూడోమోనాస్, 4 డిగ్రీల దగ్గరా పెరిగే లిస్టీరియా ఈ రెండో రకం. వాటిని శీతలప్రియాలంటే, పాలు బయట పెడితే అవి చస్తాయని పిల్లలు అనుకుంటారు. నిజానికి బయట మరింత వేగంగా పెరుగుతాయి. ఒక్క మాట తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

ఇక ‘ఒత్తిడి’. వాడుకలో తప్పు కాదు. అయితే ఈ రోజుల్లో ఆ మాట వినగానే ఉద్యోగం, పరీక్షలు, మనసు గుర్తొస్తున్నాయి. పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘పీడనం’ ఇక్కడ స్పష్టం. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణ పీడనం, అంటే నేలమీద గాలి మనల్ని నొక్కేంత పీడనం, పెరుగుతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని మేరియానా అగాధంలో 10,476 మీటర్ల లోతు నుంచి తెచ్చిన ఒక బ్యాక్టీరియా గురించి 1981లో ప్రకటించారు. మన గాలి పీడనం దగ్గర అది పెరగనే లేదు! అలాంటిదాన్ని ‘పీడనాన్ని తట్టుకునేది’ అంటే సగమే చెప్పినట్టు, ‘పీడనప్రియ’ అనాలి. ‘భారప్రియ’ వద్దు. ఇంగ్లీషులోనూ మొదట గ్రీకు ‘బరువు’ మాటతో బారోఫైల్ అన్నారు, తర్వాత ‘నొక్కు’ అనే అర్థమున్న ధాతువుతో పీజోఫైల్‌గా మార్చుకున్నారు.

మీ వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: ‘సముద్రపు అడుగున శీతల, పీడనప్రియ బ్యాక్టీరియా బతుకుతున్నాయి.’ క్రియ బహువచనంలోనే ఉండనివ్వండి. మూలంలో బ్యాక్టీరియా బహువచనమే, ఏకవచనం బ్యాక్టీరియం.