చిన్నా, బియ్యం బస్తా సంగతి ముందు చదువు

చిన్నా,

నువ్వు పీజీ ఖాళీ చేసి ఫ్రెండుతో కలిసి కూకట్‌పల్లిలో ఇల్లు తీసుకున్నావనీ, ఇక వంట మీరే చేసుకుంటారనీ నిన్న అమ్మ ఫోన్లో చెప్పింది. నాకెంత సంతోషమేసిందో. మన ఇళ్లల్లో మగపిల్లలు తిన్న కంచం తియ్యడమే గొప్ప, నువ్వు ఏకంగా ఏడాది సరుకు పెట్టుకుంటానన్నావంట. కానీ ఆ తర్వాత అది చెప్పిన ఇంకో మాట విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆఫీసుకి వెళ్లేలోపు ఇది మొత్తం చదువు, సగంలో వదిలెయ్యకు.

ముందు ఏడాది సరుకు అనే మాట మర్చిపో. అది ఇంటినిండా జనం, డాబా మీద ఎండ, ఆరబెట్టి ఎత్తడానికి నాలుగు చేతులు ఉన్న రోజుల సంగతి. మీరున్నది ఇద్దరు. బియ్యం ఒక్క బస్తా చాలు, ఇప్పుడెలాగూ 26 కేజీలవే ఎక్కువ వస్తున్నాయి (25 దాటితే జీఎస్టీ పడదని 2022 నుంచి అలా మొదలెట్టారు). మన బాపట్లలో 1986లో వచ్చిన 5204 రకమే (సాంబమసూరి) అడుగు, అందులోనూ పాతవి అడుగు, కొత్త బియ్యం అన్నం ముద్దయిపోతుంది, నువ్వేమో పొడిపొడిగా లేకపోతే కంచం ముందునుంచి లేచిపోతావు. పప్పులు నెలకి సరిపడా. ఉప్పు స్టీలు డబ్బాలో పొయ్యకు. ఉల్లిపాయలూ బంగాళదుంపలూ ఒకే బుట్టలో వెయ్యకు. కారం ఫ్రిజ్‌లో పెడితే రంగు పోదు.

రవ్వ, పిండి కొట్లోంచి వచ్చేటప్పుడే పురుగు గుడ్లు వాటితో వస్తాయి, మనకి కనపడవంతే. బొంబాయి రవ్వ తెచ్చిన రోజే బాణలిలో దోరగా వేయించి పెట్టుకో. గోధుమపిండి, శనగపిండి ప్యాకెట్టుతో సహా నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పడేసి, బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయిందాకా ప్యాకెట్టు విప్పకు, విప్పితే లోపల తడి చేరుతుంది. కందిపప్పయితే ఎండబెట్టి, చేతికి ఆముదం రాసుకుని పప్పంతా పులిమి డబ్బాకెత్తు. ఎండలోంచి తీసిన పప్పు గుప్పెట్లో పట్టుకుని చూడు, కొంచెం వెచ్చగా తగిలినా మూత పెట్టకు. వేడి మీద మూత పెడితే డబ్బా లోపల చెమట పట్టి అడుగున పప్పు బూజొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. కొట్టతను బియ్యంలో పెట్టుకోవడానికి పురుగుల బిళ్లలు ఇస్తానన్నాడంట, నువ్వు సరేనన్నావంట. ఎవరిచ్చినా సరే వద్దు నాన్నా. ఆ బిళ్లలు అల్యూమినియం ఫాస్ఫైడ్, అవి గోడౌన్లకి, అదీ తెలిసినవాళ్లు పెట్టాలి. గాల్లో తడి తగిలితే చాలు విషవాయువు వదులుతుంది, దానికి విరుగుడు మందు లేదు.

నీకు అమ్మ ఎప్పుడూ చెప్పి ఉండదు. అది ఇంటర్ చదివేటప్పుడు మా ఇంట్లోనే ఉండేది, నడిమి గదిలో పడుకునేది. ఆ ఏడు పొలం నుంచి బియ్యం ఎక్కువొచ్చి కొట్టుగది చాలక మా మరిది బస్తాలు తెచ్చి ఆ గదిలో గోడకి పేర్చాడు. ఎవరో ఇచ్చారని బిళ్లలు గుడ్డలో మూటకట్టి బస్తాల్లోకి దూర్చాడు, మాకెవ్వరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని అతనికీ తెలీదు. తుఫాను పట్టింది, జల్లు కొడుతోందని కిటికీలన్నీ వేసేశారు. అర్ధరాత్రి అమ్మ లేచి తలనొప్పంది, వాంతులు. తిన్నది పడలేదనుకుని మా అత్తగారు జీలకర్ర నీళ్లు తాగించి మళ్లీ అదే గదిలో పడుకోబెట్టారు. తెల్లారేసరికి పిల్లకి ఊపిరాడట్లేదు, చేతులు మంచులా ఉన్నాయి. ఆ వానలో రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు తిండి గురించి అడగలేదు, పడుకున్న గదిలో ఏమున్నాయమ్మా అని అడిగారు. ఆక్సిజన్ పెట్టారు. దక్కింది. మీ తాతయ్య వచ్చి మా మరిదిని ఒక్క మాట అనలేదు, కూతురి మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయారు.

అందుకే మళ్లీ చెబుతున్నా. ఒకవేళ బస్తాలో ఇప్పటికే పెట్టేసి ఉంటే నువ్వు చెయ్యి పెట్టి వెతకకు, నీళ్లు అస్సలు పొయ్యకు, ఇద్దరూ వెంటనే బయటికొచ్చేసి 112కి ఫోన్ చెయ్యండి. తల తిరిగినా, వాంతొచ్చినా గ్యాస్ట్రిక్ అనుకోకుండా ఆసుపత్రికి పోయి బిళ్లల సంగతి మొదట చెప్పండి.

బియ్యానికి అంత మందు అక్కర్లేదు. గట్టి మూతున్న డ్రమ్ము కొను, బాగా ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వెయ్యి. అయినా పురుగు పడితే నీడన దుప్పటి మీద పరుచు, అవే పాకుతూ పోతాయి, మిగిలినవి చెరిగేసుకో. ఎండలో మాత్రం పొయ్యకు, గింజ పగిలి నూకవుతుంది. పురుగు పట్టిన బియ్యం కడుక్కుని తిన్నా ఏమీ కాదురా, మేమందరం అలా పెరిగినవాళ్లమే.

చింతపండు నేను గింజ తీసి, ఉప్పేసి జాడీలో పెట్టింది ఉంది, కేజీ పంపిస్తా. కందిపప్పు కూడా రెండు కేజీలు తీసిపెట్టా. మీ బాల్కనీలోకి ఎండ ఏ టైముకొస్తుందో, ఎంతసేపుంటుందో చూసి చెప్పు. రాకపోతే పప్పు ఇక్కడే ఎండబెట్టి, ఆముదం పట్టించి శనివారం బస్సుకి వేస్తాను.

పెద్దమ్మ