ఉపాధ్యాయ కేంద్రిత, శిశు కేంద్రిత బోధనల్లో తరగతిలో దేనికి ఎంత చోటు?

శిశు కేంద్రిత విద్యే, అంటే పిల్లలు తామే చేసి, వెతికి నేర్చుకునేదే సరైనదని బి.ఎడ్.లో చదివినా, ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో మాత్రం ఉపాధ్యాయుడు చెప్పడం, పిల్లలు రాసుకోవడమే చూశానని, ఇప్పుడు దేన్ని నమ్మాలో తెలియడం లేదని మీరు అడిగారు. ప్రాథమిక పాఠశాలలో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్న అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐదో తరగతికి భిన్నాల కూడిక నల్లబల్ల మీదే చెప్పాను. హారాల క.సా.గు. కనుక్కోవడం, సమాన హారాలకు మార్చడం, లవాలు కూడటం పిల్లలు తడుముకోకుండా అప్పజెప్పేవారు, పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నారు. రెండు నెలలు గడిచాక అదే లెక్క ఇస్తే, సగానికి పైగా పిల్లలు 1/2కు 1/3 కలిపి 2/5 అని రాశారు.

మరుసటి ఏడు పిల్లలూ అదే తప్పు చేయడంతో, ఒకే పొడవున్న కాగితపు పట్టీలు పంచి, 2/5 ఎంతో మడిచి చూపించమన్నాను. ఒక అమ్మాయి పట్టీని ఐదుగా మడిచి, రెండు మడతలను సగం పట్టీ పక్కన ఆనించి, కాసేపు చూసి, "సార్, ఇది సగం కంటే తక్కువుంది, సగానికి ఇంకా కలిపితే తగ్గుతుందా?" అని అడిగింది. తరగతంతా ఆ పట్టీల మీదికి వంగింది. అంతకుముందు ఏడాది నేను ఎంత తప్పు కొట్టినా పోని 2/5 ఆ రోజుతో చాలామంది పలకల మీద నుంచి పోయింది.

అయితే పట్టీని ఆరుగా మడిస్తే సగానికి మూడు మడతలు, మూడో వంతుకు రెండు మడతలు వస్తాయని పిల్లలు తామే కనుక్కున్నప్పటికీ, ఆ ఆరును కాగితం లేకుండా ఏ హారాలకైనా రాబట్టే పద్ధతిని నేనే బల్ల దగ్గర నిలబడి వివరించవలసి వచ్చింది. అర్థాన్ని పిల్లలు వెతుక్కోగలరు, కానీ గుర్తులను, పేర్లను, పద్ధతులను పెద్దవాళ్లు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

ఈ తేడా గమనించక నేను ఒక ఏడాది చదవడం నేర్చుకోవడాన్ని కూడా పిల్లల జట్లకే వదిలేశాను. ప్రతి జట్టులోనూ బాగా చదివే ఒకరే చదివేవారు, మిగిలినవారు వేలు పెట్టి చూస్తూ కూర్చునేవారు. సంక్రాంతి సెలవులు వచ్చినా కొందరికి ఒత్తులు పట్టుబడలేదు, వాళ్లకు ఆ నెలలు పోగొట్టానన్న బాధ నాకిప్పటికీ ఉంది. ఒత్తులు దగ్గర కూర్చోబెట్టుకుని పలికించి, దిద్దించవలసినవే.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, శిశు కేంద్రితంగా నేర్పాలంటుంది, కాబట్టి దాన్ని ఐచ్ఛికంగా తీసుకోకూడదు. కానీ పాత పద్ధతిని వద్దనుకున్నంత మాత్రాన కొత్తది ఏర్పడదని, పాఠాన్ని ఎంచి కూర్చే బాధ్యత ఉపాధ్యాయుడిదేనని అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ కూడా 1938లోనే స్పష్టంగా చెప్పారు.

మీ తరువాతి ప్రాక్టీసు పాఠంలో మొదటి పది నిమిషాలు ఏమీ వివరించకుండా ఒక లెక్క ఇచ్చి, పిల్లలు రాసిన తప్పు జవాబులను మాత్రం మీ నోటు పుస్తకంలో ఎక్కించుకోండి. ఆ రోజు ఏది చెప్పాలో, ఏది వాళ్లకే వదలాలో ఆ పేజీలోనే కనిపిస్తుంది.