అయిదో మాట చెప్పబోయే అబ్బాయికి

నాన్నా,

వందనాలు. మంచి శుక్రవారం నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో అయిదో దాని మీద ప్రసంగం నీకిచ్చారని, నీకు టెన్షన్‌గా ఉందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆ ఏడు మాటల్లో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను, నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. వణకనీ.

నీ వంతు వచ్చేసరికి రెండు దాటుతుంది. మొదటి మాట చెప్పేవాళ్ళు ఎప్పుడూ పక్కవాళ్ళ టైమ్ తినేస్తారు. సగం మంది ఉపవాసం. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు. పిల్లలు నీళ్ళ కోసం అమ్మల కొంగులు లాగుతుంటారు. అలాంటి వేళ నీ వంతుకొచ్చిన మాట, 'నేను దప్పిగొనుచున్నాను.' గ్రీకులో అది ఒక్కటే పదం, దిప్సో. బైబిల్లో ఉన్నట్టే ఒకసారి చదువు. తర్వాత మన ఇంట్లో అన్నట్టు 'దాహంగా ఉంది' అని చెప్పు. చాలామందికి అప్పుడే చెవిన పడుతుంది.

లేవగానే 'ఇది నీళ్ళ దాహం కాదు, ఆత్మల దాహం' అని ఎత్తుకునేవాళ్ళు ఎక్కువ. నువ్వలా చేయకు. రాత్రంతా విచారణలు, కొరడా దెబ్బలు, నెత్తురు పోయిన ఒళ్ళు, పైన ఎండిపోయిన నోరు. ముందు ఆ మనిషిని చూపించు. మీ నాయనమ్మ చివరి రోజున మింగలేకపోయింది. నేను దూది తడిపి పెదాలకు అద్దుతుంటే ఆ దూదిని పెదాలతో పట్టుకుని వదిలేది కాదు. గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు అని ఊరికే అంటుంటాం కదా, ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. యేసుకు అందింది నీళ్ళు కాదు, చిరక, అంటే పులిసిన ద్రాక్షారసం. హిస్సోపు అనే మొక్క పుడకకు తగిలించిన స్పంజీతో. తల్లి సిలువ దగ్గరే నిలబడిందని ఈ మాట ఉన్న 19వ అధ్యాయంలోనే యోహాను రాశాడు.

మార్కు 15:23 కూడా తీసి చూడు. సిలువ వేయకముందు బోళం అనే చేదు బంక కలిపిన ద్రాక్షారసం ఇచ్చారు, ఆయన పుచ్చుకోలేదు. నొప్పి తెలియకుండా ఇచ్చేదని వ్యాఖ్యానాల్లో చదివాను. అది వద్దన్నవాడే, అంతా అయ్యే ముందు దాహమని నోరు తెరిచి అడిగాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు ఊరుకో. వివరించకు. ఆత్మల దాహం చెప్పి తీరాలనుకుంటే యోహాను 4 మీదుగా రా. అక్కడా మిట్టమధ్యాహ్నమే, అక్కడా యేసు బావి దగ్గర సమరయ స్త్రీని అడిగింది దాహానికే.

ఇప్పుడు అసలు సంగతి. వంతెన కథ చెప్పకు. తెలుసుగా, రైలు వస్తుంటే వంతెన దించాల్సిన తండ్రి, కింద యంత్రాల్లో చిక్కుకున్న కొడుకు, రైల్లో వాళ్ళ కోసం కొడుకును పోగొట్టుకోవడం. నేనూ చెప్పాను, జనం ఏడ్చారు, నాకు గర్వమేసింది కూడా. ఆరాధన అయ్యాక ఒకావిడ వచ్చింది, కొడుకు పోయి ఏడాది కాలేదు. 'అయ్యగారూ, ఆ పిల్లాణ్ణి ఎవరైనా అడిగారా?' అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి అన్నం సహించలేదు.

ఆ కథలో కొడుక్కి ఏమీ తెలియదు. సువార్తలో కొడుకు తెలిసే వచ్చాడు. 'ఎవడును నా ప్రాణము తీసికొనడు. నా అంతట నేనే దాని పెట్టుచున్నాను' అన్నాడు. తండ్రి దూరంగా నిలబడి ఎవరినో బలిచ్చినట్టు చెబితే అది వేరే దేవుడవుతాడు. దేవుడు క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది. ఇచ్చినవాడూ ఆయనే, పోగొట్టుకున్నవాడూ ఆయనే. పైగా ఎవరి కోసం? మంచివాడి కోసమైతే ఎవరైనా తెగించవచ్చేమో అంటాడు పౌలు రోమా 5లో. మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడన్నదే అక్కడ ముఖ్యం. ఆ స్పంజీ అందించిన చేతులు కూడా అందులోవే.

మేకుల గురించి, నెత్తురు గురించి సాగదీయకు. సువార్తల్లో సిలువ వేశారన్నది ఒక్క ముక్కలో అయిపోతుంది. యూదుల్ని తిట్టే అలవాటు కొందరికుంది, అది నీకు రాకూడదు. పదిహేను నిమిషాలు చాలు. గొంతు పెంచకు, మైకు ఉంది.

నీళ్ళ సీసా పుల్పిట్ మీద పెట్టుకోకు. ఆ మాట చెబుతూ మధ్యలో గుక్క తాగావంటే పిల్లలు నవ్వుతారు. వాళ్ళ తప్పు కాదు. ముందే తాగి ఎక్కు.

రాసుకున్నది బుధవారం లోపు వాట్సాప్‌లో పంపు. రైలు ఎక్కడైనా దూరిందేమో చూస్తాను.

మీ పెదనాన్న